హస్తవాసి గల ఇండ్లు: ఐర్లండు పల్లెవైద్యముపై ఒక సమీక్ష

1937వ సంవత్సరపు శరదృతువునందు ఐర్లండుదేశపు ప్రాథమిక పాఠశాలలలో 11 మొదలు 14 ఏండ్ల ప్రాయముగల బాలబాలికలకు ఉపాధ్యాయులు అంతకుముందెన్నడును ఈయని యింటిపని నొకదానిని ఇచ్చిరి. వారము వారము వ్రాయవలసిన వ్యాసమునకు బదులుగా పిల్లలు ఇంటికి బోయి, తాతను, అవ్వను, పొయ్యిచెంత చలికాచుకొను పొరుగింటి ముదుసలిని ఆశ్రయించి, ఊరి గాథలను, సామెతలను, పొలముల పేర్లను, కరవునాటి జ్ఞాపకములను, మందులను, మంత్రములను అడిగి తెలిసికొని, పెద్దలు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావలెను. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద సంగ్రహ సంఘమునకు నిర్దేశకుడైన షేమస్ ఓ డూలార్గయు, అందలి గ్రంథభాండాగారి షాన్ ఓ సూలవానును ఈ కార్యమునకు సూత్రధారులు. 26 కౌంటీలలోని సుమారు 5,000 పాఠశాలలనుండి వచ్చి చేరిన పుటలు ఏడు లక్షలకు మించినవి. నేడవి డబ్లిన్ నగరమున యూనివర్సిటీ కాలేజియందు భద్రపరుపబడి యున్నవి. ఒక దేశము తన పల్లెల జ్ఞాపకమును తన పసివాండ్ర ముద్దుచేతివ్రాతలో దాచికొనుట లోకమున అరుదుగ జరిగినపని.

ఆ పుటలలో వైద్యమును గూర్చిన భాగమును చదువబూనినవాడు మొదట తికమకపడక తప్పదు. ఏ రోగమునకు ఏ మూలిక యని వెదకుచు పోవువానికి మూలికలును దొరకును గాని, వానితో సమానముగ మనుష్యులు దొరకుదురు. ఈ కొండవాలున నుండు నొక ఇంటివారికి తామరకు మందు కలదు, ఆ వాగు కావల నుండు నొక స్త్రీకి కోరింతదగ్గునకు మందు కలదు, ఏడవ కొడుకుగా బుట్టిన ఆ కుఱ్ఱవానికి గండమాలకు మందు కలదు – ఇట్లు నడచును ఆ వ్రాత. ఐరిష్ పల్లెలలో ఇంగ్లీషు మాటాడువారు నేటికిని ఒకనికి ‘క్యూరు కలదు’ అందురు. వాడు ‘క్యూరు చేయును’ అందురు. క్యూరు ‘ఎరుగును’ అనుట మాత్రము తక్కువ. పొలము కలదు, ఆవు కలదు అన్నట్లే క్యూరు కలదు. మన భాషలో హస్తవాసి యను మాట దీనికి చేరువది. అయితే మన హస్తవాసి వైద్యము నేర్చిన చేతికి అబ్బు అదృష్టము, వారి క్యూరు ఏమియు నేర్వని చేతికి పుట్టుకతోనో, పెండ్లితోనో, మరణశయ్యపై నున్న వేరొకరి దానముతోనో సంక్రమించు ఆస్తి.

ఈ వైద్యమును గూర్చి నూటయేబది సంవత్సరములకు పైగా పండితులు వాదులాడుచున్నారు. ఇది క్రైస్తవమునకు పూర్వపు మతము యొక్క శిథిలశేషమని కొందరును, అక్షరములెరుగని రసాయనశాస్త్రమని కొందరును, వట్టి మౌఢ్యమని శేషించినవారును నిర్ణయించిరి. మూడు మతములకును ఆధారములు కలవు. ఈ వ్యాసకర్త యభిప్రాయము వేరు. ఐర్లండు పల్లెవైద్యము ముఖ్యముగ ఋణమును గూర్చిన శాస్త్రము, ఎవరు ఎవరికి ఏమి ఈయవలెను, ఏమి పుచ్చుకొనరాదు అను కట్టుబాటు. మందు దానిలో నొక భాగము మాత్రమే. ఇట్లేల అనవలసివచ్చినదో ముందు మనుష్యులను జూచిన తెలియును.

నడుమ ఆడుబిడ్డ పుట్టక వరుసగ కలిగిన ఏడుగురు కొడుకులలో కడపటివానికి మందు పుట్టుకతోడనే వచ్చునని దేశమంతట నమ్మిక. వాని తండ్రియు ఏడవ కొడుకైనచో ఇక చెప్పనక్కరలేదు. పసికందు అరచేతిలో వానపామును పెట్టి పిడికిలి మూయుదురు. పురుగు చచ్చెనా, బిడ్డకు శక్తి కలదని నిశ్చయము. తండ్రి ముఖమెరుగని బిడ్డ, అనగా తండ్రి చనిపోయిన పిదప పుట్టినది, నోటిపూత వచ్చిన శిశువు నోటిలో ఊదిన పూత పోవును. (అట్టి మనిషి దొరకనిచోట ఉదయముననే, మేత మేయకముందు, మగబాతు ముక్కును శిశువు నోట నుంచి ఊపిరి పట్టింతురు. తండ్రి లేనివానికిని బాతునకును ఏమి సామ్యమో ఈ వ్యాసకర్తకు బోధపడలేదు.) పుట్టింటి పేరును మెట్టినింటి పేరును ఒకటే యైన స్త్రీ యింట రొట్టెముక్కనొకదానిని అడిగి తెచ్చి తినిపించిన కోరింతదగ్గు తగ్గును. విసర్పి యను చర్మరోగమునకు కీయో ఇంటిపేరువారి నెత్తురు దివ్యౌషధము. వాల్ష్, కాహిల్ ఇంటివారి నెత్తురునకును ఆ ప్రతీతి కలదు. వ్రేలు సూదితో పొడిచి బొట్టు రక్తమును పుండుచుట్టు రాతురు. నీటిబల్లి కడుపును నాకినవాని నాలుకకు కాలిన పుండ్లను మాన్పు గుణము వచ్చును. అటుపిమ్మట వాడు జీవించినంతకాలము ఊరివారి బొబ్బలను నాకవలసినవాడే.

అన్నింటికంటె వింతయైనది తెల్లగుఱ్ఱపు రౌతు కథ. కోరింతదగ్గుతో బిడ్డ బాధపడుచుండగా తల్లి దారిపక్కన నిలిచి యుండును. తెల్లని గుఱ్ఱముపైనో, మచ్చల గుఱ్ఱముపైనో ఎవడైన అపరిచితుడు వచ్చినయెడల వానిని ఆపి, కోరింతదగ్గునకేమి మందని అడుగును. వాడు వైద్యుడు కానక్కరలేదు, తెలిసినవాడు కానక్కరలేదు, నోటికి వచ్చినది చెప్పిన చాలును, అదియే మందు. ఇందు ఔషధమునకు చోటెక్కడ? జ్ఞానమునకు చోటెక్కడ? మిగిలినదెల్ల ఒకరు అడుగుట, ఒకరు కాదనక చెప్పుట. గాడిద విషయమును ఇట్టిదే. క్రీస్తు ఎక్కిన జంతువగుటచేత దాని వీపున సిలువగీత పడినదని వారి నమ్మిక. దగ్గు పట్టిన బిడ్డను దాని కడుపు క్రిందుగా మూడుమార్లు దాటింతురు, అది తినగా నోటినుండి రాలిన రొట్టెపొడిని బిడ్డకు తినిపింతురు. గవదబిళ్ళలు వచ్చినచో బిడ్డ తలకు గాడిద కళ్లెము తగిలించి పందులదొడ్డి కడకు నడిపించుకొని పోయి, పంది వీపునకు బుగ్గలు రుద్దింతురు. ఈ జబ్బును నీవు పుచ్చుకొనుమని పందికి చెప్పుదురు. పంది ఒప్పుకొన్నదో లేదో ఎవరును వ్రాయలేదు.

ఇక నియమములు. క్యూరు చేసినవానికి రూక ఈయరాదు. ఇచ్చినను వాడు పుచ్చుకొనరాదు, పుచ్చుకొన్న శక్తి నశించును. కొన్ని సీమలలో ‘నీ మేలు మఱువను’ అని కృతజ్ఞత చెప్పుటయు నిషేధము. మన పసరువైద్యులలోను ధనము ముట్టరాదను కట్టుబాటు గలవారు కలరు గనుక తెలుగువారికిది క్రొత్త కాదు. నోటిమాటగా నైనను కృతజ్ఞత తెలుపరాదనుట మాత్రము మనకు కొంత కటువుగ తోచును. ఆలోచించిన దాని మర్మము గోచరించును. కృతజ్ఞత తెలిపితిమా, లెక్క తీరినది. తెలుపక వచ్చితిమా, ఋణము నిలిచియే యుండును. రేపు ఆ ఇంటివారి ఎండుగడ్డి వాన కెదురుగ కుప్పవేయవలసి వచ్చినపుడు, వారి ముసలమ్మ చనిపోయి శవజాగరము చేయవలసి వచ్చినపుడు, పిలువకయే పోవలసి యుండును. రోగి మూడుమార్లు రావలెనను నియమమును అట్టిదే. సోమవారము, గురువారము, మరల సోమవారము – ఇట్లు మూడు దినములు కావలె ననుట తఱచుగ వినబడును. వైద్యునికి దినములు చెడును, రోగికి కాళ్లు నొచ్చును, ఈ నడుమ రెండిండ్లకును పరిచయము గట్టిపడును. మందును వేరొకరికి అప్పగింపవలసినపుడు పురుషుడు స్త్రీకి, స్త్రీ పురుషునికి ఈయవలెనని కొన్ని తావుల ఆచారము. అప్పగించినవానికి ఆ పిదప అది పనిచేయదు. ఆస్తి చేతులు మాఱినది గదా.

కావన్, లీట్రిమ్, ఫర్మానా ప్రాంతములలో ‘గుండెజ్వరము’ అను నొక బాధకు చేయు చికిత్సను ఇచ్చట వర్ణింపవలె. నిస్సత్తువ, దిగులు, ఆకలి లేమి, ఇట్టివాని కన్నిటికిని అది సామాన్యనామము. ఒక గిన్నెనిండ ఓట్స్ పిండిని పోసి, గుడ్డ కప్పి బిగించి, బోర్లించి రోగి రొమ్మునకు ఆనించి, ప్రార్థనలు గొణుగుచు ముందువైపునను వెనుకవైపునను అద్దుదురు. గుడ్డ విప్పినంతట పిండి ఒక అంచున క్రుంగి లోతుపడి కనబడును. గుండెకు కావలసినంత మేర అది తినివేసినదన్నమాట. గిన్నెను మరల నింపి మఱియొకనాడు చేయుదురు. పిండి క్రుంగక సమముగ నున్ననాడు రోగము పోయినట్లు. మిగిలిన పిండితో రొట్టె చేసి రోగియే తినవలెను. కదలించిన పిండి అణగుటకు దివ్యశక్తి అక్కరలేదని ఎవడైన అనవచ్చును. దిగులుచే తిండి మానినవానిని ఒక పెద్దమనిషి మూడు దినములు చేరదీసి, గుండెమీద చేయివైచి, తుదకు రొట్టె తినిపించి పంపెనన్న మాట మాత్రము ఆ విమర్శచే చెడదు.

ఇంతవరకు చెప్పిన వానిలో మంత్రము పాలు తక్కువ. మంత్రమునకు ఐరిష్ భాషలో ‘ఒర్హ’ యని పేరు. ప్రార్థనార్థకమగు ‘ఒరాషియో’ అను లాటిను పదమే నాలుకలపై అరిగి అరిగి ఇట్లైనది. కనుక మంత్రమనగానే క్రైస్తవపూర్వమైనదని ఎగిరి గంతువేయువారు ఒకింత నిలువవలె. పంటిపోటు మంత్రమున పీటరు స్వామి చలువరాతిపై కూర్చుండి దవడ పట్టుకొని యేడ్చును, క్రీస్తు ఆ త్రోవను వచ్చి కారణమడిగి బాధను తొలగించును. ఆ కథను చెప్పుటయే మందు. నెత్తురు కట్టుటకు చెప్పు మంత్రమున క్రీస్తు ప్రక్కను బల్లెమున పొడిచిన లాంజినస్ వచ్చును. ఇవి ఐరోపా అంతట మఠములలోని సన్యాసుల మూలమున సంచరించిన కథలు. స్విట్జర్లండులోని సాంక్ట్ గాలెన్ మఠమున దొరకిన సుమారు పండ్రెండువందల సంవత్సరముల నాటి ప్రాచీన ఐరిష్ వ్రాతలలో మాత్రము పాతదేవతలు ఇంకను శ్వాసించుచున్నారు: కమ్మరిదేవుడగు గోవ్‌న్యూ, వైద్యదేవుడగు డీయన్ కేహ్ట్ అందు పేర్కొనబడిరి. సన్యాసియొకడు సంకోచింపక ఆ పేర్లను ప్రార్థనల సరసన వ్రాసికొన్నాడు. మతము మాఱిననాడు రోగములు మాఱవు గదా.

బెణుకు మంత్రము కథ మనకు మఱింత దగ్గఱది. ఐర్లండు, స్కాట్లండు పల్లెలలో బెణికిన కాలికి నూలుదారము ముడులువేసి కట్టుచు, ఎముకను ఎముకతో, నరమును నరముతో, మాంసమును మాంసముతో కూర్చు మంత్రమును చెప్పుదురు. 1841లో జర్మనీయందు మెర్సెబుర్గు నగరమున వేయేండ్లనాటి వ్రాతప్రతియొకటి బయల్పడగా, అందు వోడన్ దేవుడు గుఱ్ఱపు కాలి బెణుకును ఇట్టి క్రమముననే కూర్చినట్లున్నది. 1864లో ఆడల్బెర్ట్ కూన్ అను భాషాశాస్త్రజ్ఞుడు దానిని అథర్వవేదమున నాలుగవ కాండము పండ్రెండవ సూక్తముతో సరిపోల్చెను. మజ్జతో మజ్జను, కీలుతో కీలును, తోలుతో తోలును సంధింపుమని రోహిణి యను ఓషధిని వేడు సూక్తమది. ఈ సామ్యము ఒక ఆదిజాతి ఉమ్మడి వారసత్వమా, లేక విఱిగిన ఎముకను జూచిన ఏ మానవుడైన చెప్పగల మాటయా అను వాదము నేటికిని తెగలేదు. రెండవదియే ఈ వ్యాసకర్తకు నమ్మదగియున్నది. మూడు దేశములలోను ముఱికి చేతులతో కట్టు కట్టినవాడు పై తోలు మొదలు లోని ఎముక వఱకు వరుసగ ఎంచక మానడు.

అయినను ఐర్లండు గాథలో ఈ వరుసకు కలిగిన కీర్తి అన్యత్ర లేదు. మొయ్‌తురా యుద్ధమున నూవద రాజు చేయి తెగగా డీయన్ కేహ్ట్ వెండిచేయి అమర్చెను. ఆ వైద్యదేవుని కొడుకు మీయాహ్ అంతట తృప్తిపడక, కీలునకు కీలు నరమునకు నరము కూర్చి తొమ్మిదినాళ్లలో మాంసపు చేతినే మరల అతికెను. తండ్రి ఓర్వలేక కొడుకును చంపివైచెను. సమాధిమీద 365 మూలికలు మొలిచెను, అవయవమునకొకటి చొప్పున. చెల్లెలు అర్వెద్ తన ఉత్తరీయము పఱచి గుణముల ననుసరించి వానిని వేఱువేఱుగ పేర్చుచుండగా, తండ్రి వచ్చి అన్నింటిని కలిపి చల్లివైచెను. అందుచేత ఏ మూలికకు ఏ గుణమో ఎవనికిని పూర్తిగ తెలియదట. తమ వైద్యము ఏల అసంపూర్ణమైనదో ఇంత చక్కగ ఒప్పుకొన్న జాతి మఱియొకటి కలదో లేదో.

ఈ వైద్యము చదువురానివారి సొత్తని తలచుట పొరపాటు. ఐర్లండున వంశపారంపర్యముగ వైద్యమే వృత్తిగాగల కుటుంబములుండెడివి. నేటి హికీ యను ఇంటిపేరు వైద్యుడను అర్థముగల పాత ఐరిష్ పదమునుండి పుట్టినది. ఓ లీ, ఓ షీల్, మాక్ డన్‌లీవీ కుటుంబములవారు లాటిను గ్రంథములను ఐరిషులోనికి తెచ్చి ప్రభువుల ఆస్థానములలో వైద్యము చేసిరి. పదునేడవ శతాబ్దమున ఆ ప్రభువులు ఇంగ్లీషువారిచే ఓటువడి పరదేశములు పట్టిపోగా వైద్యులకు పోషణ పోయినది. గ్రంథస్థమైన విద్య కొంత పల్లెలపాలై మూలికల చిట్కాలుగా మిగిలినది. ఓ లీల గ్రంథమని ఒక వ్రాతప్రతి డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో కలదు. పట్టికల రూపమున నున్న లాటిను వైద్యగ్రంథమునకు అది పదునైదవ శతాబ్దపు ఐరిష్ అనువాదము. కాని దానిని వారసత్వముగ పొందిన మురహ్ ఓ లీ యేమి చెప్పెనో వినుడు: 1668లో తన్నెవరో ఎత్తుకొనిపోయి పడమటి సముద్రమున నుండు అదృశ్యద్వీపమగు హై బ్రెజిల్‌న దింపిరనియు, అచ్చట తనకీ గ్రంథమును ఇచ్చిరనియు. తాతలు చదివిన పుస్తకము నా యొద్దనున్నదన్న నమ్మని జనము, మాయాద్వీపవాసులు దయచేసిరన్న నమ్మిరి. విద్య సైతము దానముగా వచ్చిననే వైద్యమగునన్న ఆ దేశపు నియమమునకు ఇంతకుమించిన సాక్ష్యము దొరకదు.

మూలికలు లేకపోలేదు. కాంఫ్రీ వేరునకు ఐరిషున ‘విఱిగిన ఎముకల మొక్క’ అని పేరు; బెణుకునకు నూరి కట్టుదురు. స్లాన్‌లుస్ ఆకు నలిపి తెగినచోట నెత్తురు కట్టుటకు పెట్టుదురు. మే నెల వెళ్లకముందు నెటిల్ అను దురదాకును మూడుమార్లు వండి తిన్న ఏడాదికంతకును రక్తశుద్ధి. కారగీన్ అను సముద్రపుపాచిని పాలలో కాచి ఱొమ్ముపడిశమునకు ఇత్తురు. క్షయకు మలిన్ ఆకులను పాలలో కాచి త్రాగించు వాడుక ఎంత గట్టిగ నుండెననగా, ఎఫ్. జె. బి. క్విన్లన్ అను డబ్లిన్ వైద్యుడు దానిని రోగులకిచ్చి పరీక్షించి 1883లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌న ప్రకటించెను. కంటిడాక్టరుగా ప్రసిద్ధుడైన విలియం వైల్డ్, నాటకకర్త ఆస్కార్ వైల్డ్ తండ్రి, 1852లో జనుల విశ్వాసములపై గ్రంథము వెలువరించెను. అతడు సేకరించి విడిచిన వానిని అతని మరణానంతరము భార్య పెంచి ప్రచురించినది. దొరల గదులనుండి చూచినవారికి ఇదియంతయు చనిపోయిన మతముగ కనబడినది. పొయ్యిచెంత కూర్చున్నవారికి మాత్రము అది నిన్నటి దగ్గు, రేపటి జ్వరము.

శాస్త్రదృష్టి గల విమర్శకులు ఒక మాట అందురు, అది వినదగినది. పులిపిరులు, తామర, కోరింతదగ్గు, నోటిపూత, కనుకురుపు, సర్పి – క్యూరులు గల రోగముల పట్టికను చూచిన వీనిలో పెక్కులు కొన్నాళ్లకో కొన్ని వారములకో వానియంతట అవియే తగ్గునవి. పులిపిరికి నత్తను రుద్ది ముల్లునకు గ్రుచ్చినను, పులిపిరులకు సరిపోవు గులకరాళ్లు సంచిలో కట్టి నాలుగుత్రోవల కూడలిలో పాఱవైచినను, కమ్మరికొలిమి తొట్టినీట ముంచినను, కాలము తన పని తాను చేయును. మూడుమార్లు రావలెనను నియమము కాలమునకు గడువిచ్చును. ఇది నిజమే. కాని కూడలిలో పాఱవైచిన సంచిని తీసినవానికి పులిపిరులు సంక్రమించునను నమ్మికలో ఒక లోకజ్ఞానము కలదు: జబ్బు మాయమగునది కాదు, ఒకరినుండి మఱియొకరికి పోవునది.

పవిత్రజలముల బావులు ఐర్లండున మూడువేల వఱకు కలవందురు. కన్నులకొకటి, పంటికొకటి, వెన్నునకొకటి. సూర్యుని గమనము ననుసరించి ప్రదక్షిణము చేసి, గులకరాళ్లతో లెక్కపెట్టి, ఒంటిపై గుడ్డపేలికను చింపి దగ్గఱి చెట్టునకు కట్టి వచ్చెదరు. పేలిక కుళ్లుకొలది రోగము తగ్గును. కెర్రీలో గ్లానగాల్ట్ అను లోయ కలదు, పిచ్చివారి లోయయని దాని పేరునకర్థము. మతిచెడినవారు అచ్చటి నీరు త్రాగి స్వస్థులగుదురని వాడుక. ఫిబ్రవరి మొదటినాటి ముందురాత్రి పునీత బ్రిజిత్‌కై ఇంటివెలుపల గుడ్డనొకదానిని పఱచి, మంచుతడిసిన దానిని దాచి తలనొప్పికి, ప్రసవవేదనకు వాడుదురు. బావులను గూర్చి వేఱుగ గ్రంథమే వ్రాయవచ్చును గనుక ఇచ్చట ఇంతతో విడుచుచున్నాను.

క్లేర్ కౌంటీలో ఫీకల్ గ్రామసమీపమున 1874 వఱకు జీవించిన బిడ్డీ ఎర్లీ ఈ వైద్యమునకు రాణి. ఆమె యొద్ద నీలపుసీసా యొకటి యుండెడిది. అందు జూచి దూరపు సంగతులు చెప్పెడిదట. రూకలు ముట్టక విస్కీనో, పందిమాంసమునో స్వీకరించెడిది. మతగురువులు ఆమెను నిందించిరి, జనులు మాత్రము చీకటివేళ పోవుట మానలేదు. రచయిత్రి లేడీ గ్రెగరీ ఆమెను గూర్చి ముసలివారివలన సేకరించిన కథలను 1920లో ప్రకటించినది. ఆ సీసా తుదకు కిల్‌బారన్ సరస్సులో పడవేయబడెనని జనశ్రుతి.

ఇంతవరకు వ్రాసినది చదివి ఎవరైన ఈ వైద్యమును ముద్దుచేయ దలచినచో, 1895 మార్చి మాసమున టిపరేరీ కౌంటీ బాలీవాడ్లీలో జరిగినది తెలిసికొనవలె. బ్రిజెట్ క్లియరీ 26 ఏండ్ల వయస్సుగల స్త్రీ. కుట్టుమిషను గలది, సొంతముగ సంపాదించుకొనునది. జబ్బుపడినది. ‘మంచివారు’ అని భయముతో పేరు మార్చి పిలువబడు అదృశ్యజాతి ఆమెను తీసికొనిపోయి ఆమె రూపమున వేఱొకతెను విడిచిరని భర్త మైకేలునకు అనుమానము కలిగెను. 13వ తేదీని డాక్టరు వచ్చి చూచి మందిచ్చెను, మతగురువును వచ్చెను. అయినను మూలికలవాని యొద్దనుండి తెచ్చిన ఆకులను పాలలో కాచి బంధువులు ఆమెను పట్టుకొని బలవంతముగ త్రాగించిరి. 15వ తేదీ రాత్రి భర్త ఆమెను దీపపునూనె పోసి కాల్చెను. వారము తరువాత గుంటలో శవము దొరకెను. ఇరువదేండ్ల కఠినశిక్షపొంది మైకేల్ క్లియరీ 1910లో విడుదలయ్యెను. ఋణముల కట్టుబాటని పైన ప్రశంసించితిని. ఆ కట్టుబాటులో చేరినవారందఱు ఒకరి మాట కెదురాడక గది నిండ నిలిచి చూచుట ఎట్లు సంభవించునో ఆ ఇల్లు చెప్పును. ‘లుస్ మోర్’ అను ఫాక్స్‌గ్లవ్ మొక్కను మార్చబడిన బిడ్డలను పరీక్షించుటకు వాడెడివారు. 1785లో విలియం విథరింగ్ గ్రంథస్థము చేసి గుండెజబ్బునకు గొప్పమందుగ నిలిపినది దీనినే. మోతాదు తప్పిన ఇది ప్రాణము తీయునది. పల్లె చేతులలో మోతాదు కొలుచువా రెవ్వరు?

ఇట్టి వైద్యము నిలిచియుండుటకు దారిద్ర్యమే హేతువనువారు కలరు. 1851 చట్టము బీదలకు డిస్పెన్సరీల నేర్పఱచినది గాని, డాక్టరును పిలుచుటకు స్థానికాధికారి చీటీ కావలెను. ఆ చీటీ నడుగుటకు తల వంచవలెను. డాక్టరు తఱచుగ ఇంగ్లీషు మాటాడువాడు, రోగి ఐరిషు మాటాడువాడు. ఏడుమైళ్ల దూరమున నున్న చీటీ వైద్యునికంటె పొరుగింటి హస్తవాసి దగ్గఱ. కాని దారిద్ర్యము తీఱిన పిదపను ఇది పోలేదు. నేటికిని లీట్రిమ్, కావన్, ఫర్మానా సీమలలో, ఆసుపత్రి మందు చేతపట్టుకొనియే సర్పి వచ్చినవాడు క్యూరు గలవాని ఇంటికి పోవును. దూడలకు తామర వచ్చిన రైతును పోవును. వైద్యుడైన పాట్రిక్ లోగన్ 1972లో ఈ క్యూరులపై గ్రంథము వ్రాసినపుడు వెటకారము చేయక వినెను, తనవారివి గదా.

ఫర్మానా కౌంటీలో బోహో యని వ్రాసి ‘బో’ యని పలుకు చిన్న ఊరు కలదు. అచ్చటి మతగురువు జేమ్స్ మెక్‌గిర్ 1815లో చనిపోవుచు, బ్రతికియుండగా తాను మాన్పగలిగినవానినెల్ల తనపై కప్పు మట్టి మాన్పునని చెప్పి పోయెనని ఊరివారందురు. సమాధిచెంతనుండి చిటికెడు మట్టి తీసి, గుడ్డలో మూటగట్టి, తలగడక్రింద పెట్టుకొందురు. ఆ ప్రాంతమునందు కొంతకాలము నివసించిన జెర్రీ క్విన్‌యు, పాల్ డైసన్ మున్నగు శాస్త్రజ్ఞులును వేల్స్ దేశపు స్వాన్సీ విశ్వవిద్యాలయమున ఆ మట్టిని పరీక్షించి, 2018లో ఒక క్రొత్త స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవిని కనుగొంటిమని ప్రకటించిరి. మందులకు లొంగని ఎం.ఆర్.ఎస్.ఎ. మొదలగు క్రిములపై అది ప్రయోగశాలలో పనిచేసినది. పత్రికలన్నియు గంతులు వైచెను, పల్లెవైద్యము నెగ్గినదని. నెగ్గినది సూక్ష్మజీవి. స్ట్రెప్టోమైసిస్ ప్రపంచమున ఎక్కడి మట్టిలోనైన నుండు కుటుంబమే. తలగడక్రింది మూటలోనిది రోగి రక్తములోనికి ఎట్లు పోవును? ఆ ఊరి నియమమును మాత్రము ప్రయోగశాల తాకలేదు. మట్టిని ఎవరైన తీసికొనవచ్చును, వెల లేదు. నాలుగవనాడు దానిని మూటతో తెచ్చి, తీసినచోటనే మరల పోయవలెను.